నీళ్ళు అడగని చెట్టు

శివరాత్రి దాటిన వారానికి మా పెద్దమ్మాయి కొడుకు కర్నూలులో తాను కట్టుకున్న కొత్త ఇంటికి నన్ను పిలుచుకుపోయాడు. కారు దిగి గేటు దగ్గర కాలు పెట్టేసరికి పక్కన నడుమెత్తు కుప్ప కనిపించింది. ఇంటి చుట్టూ ఖాళీ జాగాలో మొలిచిందంతా పీకి అక్కడ పోశారు. పైన ఉన్నదంతా ఎండిన కంపే. చేతికర్రతో కదిలించి చూస్తే అడుగున ఇంకా వాడని గలిజేరు తీగలు, గింజలతో తుమ్మి, పలకాకు, ఉత్తరేణి. నా చిన్నప్పటి దొడ్డిని ఎవరో మూటకట్టి తెచ్చి కుమ్మరించినట్టు అనిపించింది. మనవడి భార్య శ్రావణి ఎదురొచ్చి, "మీరొస్తాండారని నిన్న మనిషిని పెట్టి అంతా క్లీన్ చేయించినా అవ్వా. గలీజుగా ఉంటే మీకు సరిపడదని అత్త చెప్పింది" అంది నవ్వుతూ. కుప్ప దగ్గరే చతికిలబడి పచ్చిగా ఉన్న గలిజేరు కొసలు గిల్లి ఒళ్ళో వేసుకోవడం మొదలుపెట్టాను. ఎదురింటివాళ్ళు మేడమీద నుంచి చూస్తున్నారని ఆ పిల్ల మొహం చిన్నబోయింది. ఇంట్లోకి పోయాక కూడా నేను దానితో మాట్లాడలేదు. నాకు కోపం వస్తే అరవడం చేతకాదు, నోరు మూసుకుంటాను. ఈ గుణం మా జేజిది.

మా సీమలో నాయన తల్లిని జేజి అంటాం, ఆమె భర్తను అబ్బ అంటాం. మా ఊరు నల్లరేగడి నేలల్లో, నల్లమల కొండలు దూరంగా నీలంగా కనపడే చోట ఉంటుంది. నాపరాతి గోడల మట్టిమిద్దె, దాని వెనక దొడ్డి. దొడ్డిలో బావి లేదు. ఊరి బయట దిగుడుబావి నుంచి ఆడవాళ్ళు నెత్తిన మోసుకొచ్చిన నీళ్ళే ఇంటికి నీళ్ళు. మోసి తెచ్చిన నీళ్ళను మట్టిలో పోయడమంటే మా జేజికి అన్నం నేలపాలు చేసినట్టే. అందుకని మా దొడ్డిలో ఏ చెట్టుకూ బిందెలో నీళ్ళు పోసింది లేదు. ఒకసారి మనిషికి పనికొచ్చిన నీళ్ళే చెట్టుకు పోవాలి. దొడ్డి నడుమ స్నానాల బండ ఉండేది. దాని అంచు నుంచి మట్టికాలువ ఒకటి బయలుదేరి, కరివేపాకుకు ఒక పాయ, మునగచెట్టుకు ఒక పాయ, వంగమడికి ఒక పాయగా చీలేది. ఈ పూట ఎవరి పాయ తెరవాలో జేజి పొద్దున్నే నిర్ణయించి కాలితో మట్టిపెళ్ళ తోసేది. బియ్యం కడిగిన నీళ్ళు బర్రె కుడితిలోకి. అబ్బ సంగటి తిన్నాక చెయ్యి కడగడానికి గోంగూర మడి దగ్గరికే పోవాలి. "నా ఎంగిలి తాగి బలిసిందే ఈ గోంగూర, అందుకే ఇంత పులుపు" అని ఆయన రోజూ అనేవాడు, జేజి రోజూ విననట్టే ఉండేది. ఎండనపడి వచ్చిన చుట్టాలు కాళ్ళు కడుక్కోబోతే, "అట్ల జరుగప్పా, ఆ మిరపచెట్టు కాడికి" అని చెంబు చేతికిచ్చి నిలబెట్టేది. మంత్రాలయం పోతూ మా ఇంట దిగిన దూరపు బంధువు ఒకాయన కాళ్ళకంత మట్టి ఉంటే, ఆయనను మూడు మడుల దగ్గర తిప్పి కడిగించిన మనిషి.

ఇవి నీళ్ళు తాగే చెట్లు. ఇవి పోను మిగిలిన దొడ్డి అంతా తమంతట తాము మొలిచేవాటిది. వాటికి పాదుల్లేవు, నీళ్ళు లేవు, అయినా ఇంట్లో సగం పని వాటితోనే జరిగేది. తొలకరి పడగానే గలిజేరు నేలంతా పాకేది, చెంచలి సందుసందుల్లో లేచేది. అంగట్లో కూరగాయ అన్నది లేని ఆ రోజుల్లో మా పప్పులో పడేది ఆ ఆకులే. తుమ్మిచెట్టు తెల్లగా పూసిందంటే చవితి వచ్చినట్టు. ఉత్తరేణి పుల్లతో అబ్బ పళ్ళు తోముకునేవాడు. గడ్డిచేమంతిని మేము పలకాకు అనేవాళ్ళం. చేతికి కొడవలి తెగితే పెద్దవాళ్ళు దాన్ని నలిపి పసరు పిండేవాళ్ళు, బడిపిల్లలం దానితో పలకలు తుడుచుకునేవాళ్ళం. నేను బడికి పోయింది మూడో తరగతి దాకానే కాబట్టి, చదువంటే ఇప్పటికీ నాకు ముందు ఆ పసరు వాసనే తగులుతుంది, అక్షరాలు తర్వాత. చలికాలం పోయేసరికి ఇవన్నీ ఎండి నిలువునా బూడిదరంగుకు తిరిగేవి. కొత్తవాళ్ళ కంటికి ఒట్టి కంప. జేజి మాత్రం ఒక్క పుల్ల పీకనిచ్చేది కాదు. "గింజ రాలనీ. రాలినాక అదే పోతాది" అనేది. వాన రాకముందు వాటి జోలికి ఎవరం పోకూడదు, అది మా ఇంటి కట్టుబాటు.

గోడమూలలో ముండ్లగోరింట ఒకటి ఉండేది. పసుపుపచ్చ పూలు, ప్రతి ఆకు మొదట్లో సూదుల్లాంటి ముళ్ళు. మా నాయన పుట్టకముందు నుంచి ఉందంట. నాలుగు వేసవులు వరుసగా ఎండినా చావలేదంట. శుక్రవారం పూట జేజి దాని పూలు నాలుగు తెంపి దీపం దగ్గర పెట్టేది, ఒకటి ముడిలో గుచ్చుకునేది. ఆమెకు పంటినొప్పి ఉండేది. దవడ పోటు పెట్టినప్పుడు ఆ ఆకు, ఒక ఉప్పుగల్లు కలిపి నమిలి బుగ్గన పెట్టుకుంటే సాయంత్రానికి నెమ్మదించేది. ఎప్పుడైనా మేము పిల్లలం ఏదైనా కావాలని గునిస్తే, జేజి ఆ మూల చూపించేది. "దాన్ని చూసి నేర్చుకోండి మే. పుట్టినప్పటి నుంచి ఒక్క చుక్క అడిగింది లేదు." అడగనివాళ్ళంటే ఆమెకు గౌరవం. అడిగేవాళ్ళంటే ఒక రకమైన భయం అనుకుంటాను, ఉన్నది ఎక్కడ చాలకుండా పోతుందో అని.

అటువంటి ఇంటికి రాజంపేట పక్క నుంచి మా చిన్నమ్మ కోడలుగా వచ్చింది. మా చిన్నాయన భార్య. కామాక్షి అని పేరు. పదహారేళ్ళుంటాయేమో, నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. వాళ్ళ ఊరి పక్కన ఏరు, ఇంటి వెనక కాలువ, కాలువ మీద తమలపాకు తోటలు. పూలకు కరువు ఎరగని పిల్ల. మాఘమాసంలో కాపురానికి వచ్చిన రోజు పెట్టెతో పాటు తడి గోనెగుడ్డ మూట ఒకటి ఒళ్ళో పెట్టుకొని బండి దిగింది. అందులో వాళ్ళమ్మ తొక్కిపెట్టి వేరు పోయించిన మల్లె అంటు. మరుసటి పొద్దున దొడ్డిలో గుంత తీసి నాటి, పక్కనున్న బిందెలో చెంబు ముంచి నిండుగా పోసింది. జేజి అప్పుడే బావి నుంచి వచ్చి తలమీది చుట్టకుదురు తీస్తోంది. "ఏం మే అది?" అంది. "మల్లె అత్తా. రోజూ రెండు చెంబులు పోస్తే ఎండలకు పూస్తాది" అంది చిన్నమ్మ. జేజి బిందె ఎత్తి లోపల పెట్టి, "ఈ ఇంట్లో నీళ్ళు మనుషులు తాగుతారు" అని మాత్రం అంది. బండ కాలువ ఆ మల్లె వరకు రాదు. పాపం, అది ఎక్కడ నాటుకోవాలో చిన్నమ్మకు ఎవరూ చెప్పలేదు.

ఫాల్గుణంలో అహోబిలం తిరునాళ్ళకు గూడుబండి కట్టించి జేజి, అబ్బ, నాయన, నేను బయలుదేరాం. మా అమ్మ పురిటికి పుట్టింటికి పోయి ఉంది. ఇంట్లో చిన్నాయన, చిన్నమ్మ మాత్రమే. కొండ కింద చలువ, అడవిలో తేనె వాసన, బండిలో నాకు ఒళ్ళునొప్పులు, అవన్నీ చెప్పుకుంటూ పోతే ఇంకో కథ. తిరిగి వచ్చిన పొద్దు మాత్రం నాకు నిన్నటిలా ఉంది. బండి దొడ్డివైపే వచ్చి నిలబడింది. దడి తలుపు తీసి ముందు అబ్బ లోపలికి పోయాడు. అక్కడే ఆగిపోయాడు.

"ఏందే ఇది? మన దొడ్డి యాడికి పాయె?"

దొడ్డి అరచెయ్యిలా ఉంది. ఒక్క పుల్ల లేదు. కలుపు తీసే తొలికతో నేలంతా గీరి, ఊడ్చి, పేడనీళ్ళు చల్లి, బండ చుట్టూ పెద్ద ముగ్గు వేసి ఉంది. ముగ్గు అంచున ఎర్రమన్ను దిద్ది ఉంది. మేము వస్తామని చిన్నమ్మ తలంటుకొని, ఎరుపు చీర కట్టుకొని నిలబడింది. మోచేతుల దాకా ముళ్ళ గీతలు. "అంతా కసువు పట్టి ఉండాదని పీకేసినా మామా. పాములు చేరవా? అత్త అంత దూరం దేవుని కాడికి పోయి వస్తాండాది, వచ్చేటప్పటికి ఇల్లు శుభ్రంగా ఉండొద్దా?" అంది. ఆ గొంతులో ఎంత ఆశ ఉందో అప్పుడు నాకు తెలియలేదు, ఇప్పుడు తెలుస్తుంది. "స్నానాలకు నీళ్ళు కాగినాయి అత్తా, మీరు పోసుకోండి" అని కూడా అంది. జేజి మూల వైపు చూసింది. గోరింట లేదు. తర్వాత కాగు కింద చూసింది. పొయ్యిలో కాలీకాలని ముళ్ళకొమ్మ ఒకటి బయటికి పొడుచుకొని ఉంది. ఆ నీళ్ళు దేనితో కాగాయో ఆమెకు అర్థమైంది. అంత పొదుపు మనిషి, ఆ పూట ఆ వేడినీళ్ళు ముట్టలేదు. బిందెలోని చన్నీళ్ళతో కాళ్ళు కడుక్కొని, అవి ఏ చెట్టుకు పోతున్నాయో కూడా చూడకుండా లోపలికి పోయింది.

అబ్బ చిన్నాయనను పట్టుకున్నాడు. "నువ్వు యాడ సచ్చినావురా?"

"చేన్లో ఉండా నాయనా. సందకాడ వచ్చి చూస్తే నున్నగా ఉండె. బాగుండాదే అనుకొన్యా."

"అనుకొన్యావా? ఇంగ మీ అమ్మ అనుకొనేది చూడు."

ఆ సాయంత్రం చిన్నమ్మ బండ మీద ఒంటరిగా కూర్చొని ఉంటే నేను పోయి చెప్పాను, జేజికి పన్ను నొచ్చితే ఆ ఆకే మందని, పప్పులోకి ఆ గింజలే మొలవాలని. ఆమె తన చేతులు చూసుకుంది. "మా కాలువగట్టు మీద అదంతా అడవిలాగ ఉంటాది మే. గొర్రెలు కూడా ముట్టవు. ముండ్లకంపను ఒకరు పెంచుకుంటారని నాకెట్ల తెలుస్తాది?" అంది.

ఆ రోజు నుంచి జేజి చిన్నమ్మతో మాట్లాడలేదు. తిట్టి ఉంటే రెండు రోజుల్లో సర్దుకునేది. ఒకే పొయ్యి దగ్గర ఇద్దరూ కూర్చునేవాళ్ళు, మధ్యలో నేను. "మీ చిన్నమ్మకు చెప్పు, సంగట్లోకి ఊరిబిండి నూరమని." "నూరినానని చెప్పు మే మీ జేజికి." "కారం చాలిందా అడుగు." "చాలిందని చెప్పు." ఇద్దరి మోకాళ్ళూ ఒకదానికొకటి తగులుతుండేవి, మాట మాత్రం నా మీదుగా పోవాలి. అబ్బ నవ్వేవాడు. "తపాలా బంట్రోతుకు జీతమన్నా ఇయ్యండే మీరిద్దరూ. పిల్లకు నోరు నొచ్చుతాండాది." ఆయన ఒక్కడే నవ్వేవాడు. చిన్నమ్మ గిన్నె మీద వంగి కళ్ళు తుడుచుకోవడం నేను చూసేదాన్ని. నాకు ఆమె అంటే ప్రాణం. జడ వేసేటప్పుడు నొప్పి పుట్టకుండా చిక్కు తీసేది ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. ఆషాఢంలో కొత్తకోడలు పుట్టింటికి పోవాలి, శ్రావణంలో అత్త కబురంపితేనే తిరిగి రావాలి. ఇక ఈ ఇద్దరూ ఇట్లాగే ఉంటే జేజి కబురంపదని, చిన్నమ్మ అటే ఉండిపోతుందని నాకు దిగులు పట్టుకుంది. నాకే కాదు, చిన్నాయనకూ పట్టుకుంది, ఆయన చెప్పుకోలేడు.

వైశాఖంలో జేజి దవడ వాచింది. ఎడమ చెంప మెరిసేటంత బిగిసి, కన్ను సగం మూసుకుపోయింది. అలవాటుగా లేచి గోడమూలకు పోయి, అక్కడ ఒట్టి నేల చూసి, మళ్ళీ వచ్చి పడుకుంది. లవంగం పెట్టుకుంది, ఉప్పునీళ్ళు పుక్కిలించింది. మూలుగు బయటికి వినపడకూడదని కొంగు నోట్లో కుక్కుకుంది. చిన్నమ్మ చూసి ఉండలేకపోయింది. మిట్టమధ్యాహ్నం నెత్తిన గుడ్డ కప్పుకొని నన్ను వెంటబెట్టుకొని చేలగట్లన్నీ వెతికింది. ఎక్కడా లేదు. చివరికి ఒక్కచోట కనిపించింది, శ్మశానం గట్టున. ఎండకు మాడినా ఇంకా నాలుగు ఆకులున్నాయి. చిన్నమ్మ పరుగెత్తబోతే నేను కొంగు పట్టుకున్నాను. "ఆడినుంచి ఇంటికి ఏదీ తేకూడదు చిన్నమ్మా. జేజికి తెలిస్తే నోట్లో పెట్టుకోదు." ఆమె ఆ చెట్టుకు నాలుగడుగుల దూరంలో నిలబడి ఏడ్చింది. కాలే నేల మీద ఒక కాలు మార్చి ఒక కాలు పెడుతూ ఏడ్చింది. ఖాళీ చేతులతో వచ్చాం. జేజి మమ్మల్ని చూసింది, మా పాదాల బొబ్బలూ చూసింది. "యాడికి పోయినారో అడుగు" అంది నాతో. నేను చెప్పాను. ఆమె అటు తిరిగి పడుకుంది.

ఆషాఢం వచ్చింది. చిన్నమ్మను తీసుకుపోవడానికి వాళ్ళన్న వచ్చాడు. పోయే కోడలికి అత్త బొట్టుపెట్టి 'పోయిరా' అనాలి. జేజి కుంకుమ భరిణ నా చేతికిచ్చి, "మీ చిన్నమ్మకు పెట్టు" అంది. అంతే. నేను పెట్టిన బొట్టు వంకరపోయింది. చిన్నమ్మ దాన్ని సరిచేసుకోలేదు. దడి దాటేముందు మల్లె దగ్గర వంగి చూసింది. అప్పటికి అది రెండు కొమ్మలు, కొన్ని ఆకులు. చిన్నమ్మ తాను మొహం కడుక్కున్న నీళ్ళు, నోరు పుక్కిలించిన నీళ్ళు పోసి దాన్ని ప్రాణంతో నిలిపింది. "నీ స్నానం నీళ్ళు దీనికియ్యి మే. నేను రాకపోయినా అది బతకనీ" అని నా చెవిలో చెప్పింది.

అప్పటి నుంచి నేను బండ మీద స్నానం మానేశాను. మల్లెచెట్టు పక్కన ఒట్టి నేలమీద నిలబడి పోసుకునేదాన్ని. కాళ్ళకు బురదయ్యేది.

"బండ ఉండేది ఎందుకు మే?" అంది జేజి ఒకరోజు.

"కాలుతాండాది జేజీ."

"మబ్బు పట్టి ఉంటే బండ ఎట్ల కాలుతాది?"

జేజి చెంబు తీసుకొని నా వీపు మీద నీళ్ళు పోసింది, కొంచెం పక్కకు జరిగి, ధార చెట్టు మొదట్లో పడేటట్టు. అదాటున అట్లా పడిందేమో అనుకున్నాను.

తర్వాత వాన పడింది. ఒక్కటే వాన, కానీ నేల లోపలికి దిగింది. వారానికి దొడ్డి పచ్చగా లేచింది. ఏ ఏడూ అంత ఒత్తుగా లేవలేదు. చిన్నమ్మ పీకినప్పుడు గింజలు ఎన్నడూ లేనంతగా రాలాయి, తొలికతో గీరిన నేల వాటిని కప్పిపెట్టింది. "నీ కోడలు సేద్యం బాగా చేసిపోయిందే" అన్నాడు అబ్బ. జేజి గలిజేరు గిల్లి పప్పు చేసింది. తింటూ, ఎవరితోనూ కాదన్నట్టు, "ఈ ఏడు ఆకు మెత్తగా ఉండాది" అంది. గోరింట మాత్రం మొలవలేదు. జేజి రోజూ పొద్దున ఆ మూలకు పోయి చూసి వచ్చేది.

శ్రావణం శుక్రవారాలు గడిచిపోతున్నాయి. బావి దగ్గర ఆడవాళ్ళు, "ఏం వదినా, కోడలు ఇంగా రాలేదే" అని అడగడం, జేజి బిందె గబగబా ముంచుకోవడం నేను చూశాను. అన్నం దగ్గర అబ్బ అన్నాడు, "వాడు ముద్ద మింగలేక గోడకల్ల చూస్తాండాడు, నీకు కనపల్లేదా?"

"చూస్తాండా. ముద్దేం చిన్నది కాలేదులే."

చిన్నాయన గబుక్కున ముద్ద చిన్నది చేశాడు. నాకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి.

ఆ తర్వాత ఒక పొద్దున మల్లె పూసింది. గుప్పెడు కూడా లేవు. తెంపి జేజి చేతిలో పోశాను. ఆమె వాసన చూడలేదు. చూస్తే ఏదో ఒప్పుకున్నట్టవుతుందని కాబోలు. ఒకటి దీపం దగ్గర పెట్టి మిగతావి చిప్పలో నీళ్ళు పోసి అందులో వేసింది. మా అమ్మ పురిటి నుంచి ఇంకా రాలేదు, నాకు ఆ నెలలోనే మొక్కు తీర్చి గుండు కొట్టించారు, జేజిది ఒక్క పువ్వు పట్టే నెరసిన ముడి. మరుసటి రోజు ఇంకొన్ని పూశాయి. ముందురోజువి చిప్పలో గోధుమరంగుకు తిరిగాయి. జేజి ఆ చిప్ప పట్టుకొని చాలాసేపు నిలబడింది. ఏదైనా పనికి రాకుండా పోతుంటే చూడలేని మనిషి ఆమె, ఎప్పుడూ.

"ఒరే" అని చిన్నాయనను పిలిచింది. "పొద్దున బస్సుకు రాజంపేటకు పో. చెట్టు పూస్తాండాది. పెట్టుకునేదానికి ఈడ తల లేదు. పూలు ఊరికే పోతాండాయి."

చిన్నాయన ఆ రాత్రే గడ్డం గీసుకున్నాడు.

రెండోనాటి సాయంత్రం చిన్నమ్మ వచ్చింది. ఒళ్ళో మళ్ళీ తడి గోనెగుడ్డ మూట. కాపురానికి వచ్చిననాటి మూట కంటే పెద్దది, దాన్నిండా ముళ్ళు పొడుచుకొని ఉన్నాయి. వాళ్ళ కాలువగట్టు మీద నుంచి వేళ్ళతో సహా తవ్వి తెచ్చిన ముండ్లగోరింట. బస్సులో కండక్టరు ఏమన్నాడో చిన్నాయన తర్వాత చెప్పి నవ్వించాడు. "ఏమమ్మా, రాజంపేట నుంచి మామిడికాయలు తెచ్చేటోళ్ళను చూసినా, తమలపాకు తెచ్చేటోళ్ళను చూసినా. ముండ్లకంపకు టిక్కెట్టు కొట్టాల్నా వద్దా?" పక్కసీటులో ఎవరూ కూర్చోలేదంట. వాళ్ళమ్మ కూడా తిట్టిందంట, పూలబుట్ట తీసుకుపోవే అంటే కంప మోస్తావా అని. చిన్నమ్మ ఇంట్లోకి కూడా రాకుండా తిన్నగా గోడమూలకు పోయి, తొలికతో గుంత తీసి, దాన్ని నిలబెట్టి, మట్టి తొక్కింది. తర్వాత, వాళ్ళ పక్క అలవాటు ఎక్కడికి పోతుంది, బిందె దగ్గరికి వచ్చి చెంబు నిండా ముంచింది. ముంచాక గుర్తొచ్చినట్టుంది. చెంబు చేతిలో పట్టుకొని అట్లాగే నిలబడిపోయింది. మళ్ళీ బిందెలో పోయలేదు, నేలమీద పోయలేదు.

జేజి వాకిట్లో నిలబడి ఉంది. నా వైపు చూడలేదు. చిన్నమ్మ వైపే చూసింది.

"దానికి పొయ్యాకు మే" అంది. "అది నీళ్ళడగదు, పోస్తే మురుగుతాది. ఆ చెంబు మల్లెకు పొయ్యి."

బిందెలో నీళ్ళు. అప్పుడే బావి నుంచి తెచ్చినవి. ఎవరూ స్నానం చేయనివి, ఎవరూ చెయ్యి కడగనివి. మా దొడ్డిలో ఒక చెట్టుకు అటువంటి నీళ్ళు పోయమని జేజే చెప్పడం నేను చూసింది అదొక్కసారే. చిన్నమ్మ ఒక్క చుక్క పక్కకు పోనియ్యకుండా మల్లె మొదట్లో పోసింది. "కాళ్ళు కడుక్కొని రా, సంగటి చల్లారిపోతాండాది" అంది జేజి. "యాడ కడుక్కోవాల్నో తెలుసు కదా." తపాలా బంట్రోతు ఉద్యోగం నాకు ఆ పూటతో పోయింది.

వాళ్ళిద్దరూ తర్వాత బతికినంత కాలం పోట్లాడుకున్నారు, కానీ నోటితో పోట్లాడుకున్నారు. జేజి చివరి దినాల్లో పళ్ళన్నీ పోయి, ఆకు నమలలేకపోతే, చిన్నమ్మ ఆ ముండ్లగోరింట ఆకు నూరి చిగుళ్ళకు రాసేది. చిన్నమ్మ కూడా పోయింది. ఆ దొడ్డి ఇప్పుడు నిండా సిమెంటు, మోటారు తిప్పితే మేడమీదికి నీళ్ళు. నీళ్ళు దొరకడం మంచిదే, నెత్తిన బిందె మోసినదాన్ని, కష్టం పోయిందంటే కాదని ఎందుకంటాను? కానీ ఈ కాలపు ఇళ్ళలో స్నానం నీళ్ళు ఎక్కడికి పోతాయో ఇంట్లోవాళ్ళకే తెలియదు. గొట్టంలో పడి ఎవరికీ కాకుండా పోతాయి. చెట్లు నర్సరీ నుంచి వస్తాయి, వాటికి పట్టిక వేసుకొని నీళ్ళు పోస్తారు, ఊరికి పోతే పక్కింటివాళ్ళకు అప్పజెప్తారు. అడగకుండా వచ్చినవాటిని మనిషిని పెట్టి పీకిస్తారు.

కుప్ప ముందర కూర్చొని ఆకు గిల్లుతూ ఇదంతా తలుచుకున్నాను. లోపలికి పోయి చూస్తే శ్రావణి గిన్నెలు చప్పుడు కాకుండా పెడుతోంది, నా మౌనానికి భయపడి. మోచేతుల దాకా గీతలు లేవు గానీ, మొహం మా చిన్నమ్మదే. మా జేజికి నెలల తరబడి ఊరుకునే ఓపిక ఉండింది. నా వయసుకు అంత గడువు లేదు. గలిజేరు పప్పు నేనే చేశాను. శ్రావణి భయంగా నోట్లో పెట్టుకొని, ఆ తర్వాత మారు వడ్డించుకుంది. "ఇది ఆ కుప్పలోదేనా అవ్వా?"

"ఆ కుప్పలోదే. దాన్ని చెత్తబండికి ఇయ్యాకు. గోడ పొడుగునా పరిచి గింజ రాలనియ్యి. వానలు పడినంక నన్ను మళ్ళా పిలుచుకొని రండి. ఏది పీకాల్నో, ఏది పీకకూడదో మొలకలప్పుడే చూపిస్తా."

"వానల దాకా ఎందుకవ్వా, ఈన్నే ఉండండి" అంది ఆ పిల్ల, మొహం విప్పారి. ఎంగిలి చేత్తో సింకు దగ్గరికి పోబోయింది.

"ఆడొద్దు మే" అన్నాను చెంబు అందుకుంటూ. "బయటికి రా."